వాటర్ పార్క్‌లో కుటుంబంతో ఒక రోజు: టికెట్ కంటే ముందు పిల్లల ఎత్తు చూడండి

వాటర్ పార్క్ అనగానే అందరూ స్లైడ్ల ఫొటోలు చూస్తారు. ముందు చూడాల్సింది ఇంట్లో పిల్లల ఎత్తు. చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నిలబెట్టి, జుట్టు అణిచి సెంటీమీటర్లలో కొలవండి. ఎక్కువ పార్కుల్లో పెద్ద స్లైడ్లకు 122 సెం.మీ., మధ్యరకం వాటికి 107 సెం.మీ. దగ్గర గీత ఉంటుంది. అంగుళాల్లో అయితే 48, 42. పిల్లవాడు 120 సెం.మీ. ఉంటే 122 గీత దగ్గర లైఫ్‌గార్డ్ పంపడు, పంపకూడదు కూడా. ట్యూబ్ పిడులు గట్టిగా పట్టుకోవడానికి చేతుల పొడవు సరిపోవాలి. స్లైడ్ చివరి కొలనులో నిలబడితే తల నీటిపైన ఉండాలి. ఆ గీత వెనకున్న లెక్క ఇదే. అరగంట క్యూలో నిలబడి మెట్లన్నీ ఎక్కాక వెనక్కి పంపితే ఆ పసివాడి రోజంతా పాడవుతుంది. అందుకే ప్రతి స్లైడ్‌కు ఎత్తు ఎంత ఉండాలో పార్క్ వెబ్‌సైట్‌లో ముందే చూసి, అందరూ కలిసి ఎక్కగలిగేవి ఏవి, పెద్దవాళ్లు మాత్రమే ఎక్కేవి ఏవి అని రాసుకోండి. మొదటి జాబితాలో నాలుగైదు కూడా లేకపోతే, ఆ పార్క్ ఎంత పేరున్నదైనా మీ కుటుంబానికి ఈ ఏడాది పనికిరాదు. రెండేళ్లు ఆగి వెళ్లవచ్చు.

బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. కొందరు కలిసి గాలి తెప్పలో కూర్చుని జారే రాఫ్ట్ స్లైడ్లలో మనిషికింత, రాఫ్ట్ మొత్తానికి ఇంత అని పరిమితి ఉంటుంది. బరువైన రాఫ్ట్ ఎక్కువ వేగం పుంజుకుని, ఎదుటి ఏటవాలు గోడ మీద మరీ పైకి ఎక్కేస్తుంది. నేల తలుపు తెరుచుకుని ఒక్కసారిగా కిందికి జారవిడిచే లూప్ స్లైడ్లలో కనీస బరువు కూడా అడుగుతారు. మరీ తేలికైనవాళ్లు వంపు పైదాకా చేరలేక వెనక్కి జారిపోతారు, అప్పుడు పక్కనున్న చిన్న తలుపు తీసి బయటికి తేవాల్సి వస్తుంది. తాతయ్య, నాన్న, ఇద్దరు పిల్లలు ఒకే రాఫ్ట్‌లో అనుకుంటే, మొత్తం బరువు ఇంట్లోనే కూడి చూసుకోండి. గర్భిణులు, వెన్ను, మెడ, గుండె సమస్యలున్నవాళ్లు స్లైడ్ల జోలికే పోకూడదు. వాళ్లకు మెల్లగా పారే కాలువలో ట్యూబ్ మీద తేలే లేజీ రివర్ ఉంది.

ఏ పార్క్ ఎవరికి

థీమ్ అంటే రంగుల అలంకారం మాత్రమే కాదు, రోజు ఎలా గడుస్తుందో కూడా అదే నిర్ణయిస్తుంది. ఫ్లోరిడాలో 1989లో తెరిచిన టైఫూన్ లగూన్‌లో తుపాను ఒక పడవను కొండ మీదికి విసిరేసిందన్నది కథ. ఆ కొండ ఎక్కడినుంచైనా కనబడుతుంది కాబట్టి దారి తప్పడం కష్టం. అక్కడి వేవ్ పూల్‌లో అల ఆరడుగుల దాకా లేస్తుంది, చిన్నపిల్లలకు అది తగదు. అక్కడికి కొద్ది దూరంలో 1995లో వచ్చిన బ్లిజార్డ్ బీచ్‌కు కరిగిపోతున్న మంచు రిసార్ట్ థీమ్. అక్కడి సమిట్ ప్లమెట్ స్లైడ్ 36 మీటర్ల పైచిలుకు ఎత్తు. పెద్దపిల్లలున్న ఇంటికి అది సరిపోతుంది. స్పెయిన్‌లోని టెనెరిఫే దీవిలో 2008లో తెరిచిన సియాం పార్క్‌కు థాయ్ నిర్మాణశైలి. అక్కడి కృత్రిమ అల మూడు మీటర్ల దాకా వెళ్తుంది. జర్మనీలోని ట్రాపికల్ ఐలండ్స్ మరో రకం. ఎయిర్‌షిప్‌ల (గాలిలో తేలే భారీ బెలూన్ ఓడల) కోసం కట్టిన భారీ హాలును 2004లో ఉష్ణమండల బీచ్‌గా మార్చారు. బయట మంచు కురిసినా లోపల వెచ్చగానే ఉంటుంది.

ఇండోర్ పార్క్‌లో ఎండ, వాన, ఉరుముల బెడద లేదు. కానీ గాలి సరిగా ఆడకపోతే, క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి తయారయ్యే క్లోరమైన్ల ఘాటుకు కళ్లు మండుతాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకు దగ్గు వస్తుంది. మొదటి గంటలోనే ఆ వాసన ముక్కుకు కొడితే అక్కడ ఎక్కువసేపు ఉండకండి. అవుట్‌డోర్‌లో స్లైడ్లు పెద్దవి, జాగా ఎక్కువ. ఉరుము వినబడితే మాత్రం నీళ్లలోంచి అందరినీ బయటికి పంపేస్తారు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగడం అంతటా పాటించే నియమం. అరగంట గడిచేలోపు మళ్లీ ఉరిమితే లెక్క మొదటికి వస్తుంది. సాయంత్రం వానలు పడే కాలంలో అందుకే ఉదయమే వెళ్లాలి. వాన వల్ల మూసేస్తే టికెట్‌కు ఏం ఇస్తారో కొనేముందే చదవండి. డబ్బు తిరిగి ఇవ్వకుండా ఇంకో రోజుకు పాస్ ఇచ్చే పద్ధతి ఎక్కువ. ఊరు దాటి వచ్చినవాళ్లకు అది ఉత్త కాగితమే.

బస విషయానికొస్తే, ఐదేళ్లలోపు పిల్లలుంటే పార్క్‌కు ఆనుకున్న హోటల్‌కు కాస్త ఎక్కువైనా ఇవ్వవచ్చు. మధ్యాహ్నం గదికి వెళ్లి నిద్రపుచ్చి నాలుగింటికి మళ్లీ తీసుకురావచ్చు. ఇలాంటి చాలాచోట్ల అతిథులను సాధారణ సమయం కంటే ముందే లోపలికి వదులుతారు. పార్క్ ప్రవేశం గది అద్దెలో కలిసి ఉంటే, చేరే రోజు, ఖాళీ చేసే రోజు రెండూ వర్తిస్తాయా అని అడగండి. వర్తిస్తే ఒక రాత్రి బసకు రెండు రోజుల నీళ్లు. పెద్దపిల్లలైతే బయటి హోటల్ చాలు. కానీ మూడు ప్రశ్నలు వేయాలి: తడిబట్టలు ఆరేసుకునే చోటు ఉందా, గది ఖాళీ చేశాక సామాను ఉంచనిస్తారా, సాయంత్రం వచ్చి స్నానం చేయడానికి వీలుందా? మూడోదానికి లేదంటే, క్లోరిన్ ఒంటితోనే తిరుగు ప్రయాణం చేయాలి.

బ్యాగులో ఏముండాలి

పిల్లల స్విమ్‌సూట్ రంగు ప్రాణానికి సంబంధించిన సంగతి. నీలం, తెలుపు, లేత బూడిద రంగులు నీటి కింద దాదాపు కనబడవు. కొలను అడుగు రంగులోనే కలిసిపోతాయి. నిగనిగలాడే నారింజ, నియాన్ పసుపు, గులాబీ రంగులు దూరంనుంచి కూడా తెలుస్తాయి. వాడే ముందు బకెట్ నీళ్లలో ముంచి చూస్తే తేడా అర్థమవుతుంది. నూలు టీషర్టులు నీళ్లు పీల్చి బరువెక్కి ఒంటికి అంటుకుపోతాయి, ఎక్కువ పార్కుల్లో అనుమతించరు. నైలాన్, లైక్రా బట్టలే తీసుకెళ్లండి. జిప్పులు, లోహపు బొత్తాలు స్లైడ్ ఫైబర్‌గ్లాస్‌ను గీరేస్తాయి కాబట్టి అవి ఉన్న నిక్కర్లతో స్లైడ్ ఎక్కనివ్వరు. పొడవు చేతుల రాష్‌గార్డ్ (ఈతకు వేసుకునే బిగుతు చొక్కా) వేస్తే సన్‌స్క్రీన్ పని సగం తగ్గుతుంది.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువది, నీటికి తట్టుకునే రకం కావాలి. పెద్ద మనిషి ఒళ్లంతటికీ ఒకసారికి సుమారు 30 మి.లీ. పడుతుంది. నలుగురు నాలుగుసార్లు రాసుకుంటే చిన్న ట్యూబ్ ఏ మూలకూ సరిపోదు. ఎండలోకి వెళ్లడానికి 15 నిమిషాల ముందు రాయాలి. సీసా మీద నీళ్లలో 40 నిమిషాలు, 80 నిమిషాలు అని ఉంటుంది. ఆ లెక్కన మళ్లీ రాయాలి, టవల్‌తో తుడుచుకున్న ప్రతిసారీ రాయాలి. ఆరు నెలల లోపు పసివాళ్లకు సన్‌స్క్రీన్ కాదు, నీడే కావాలి. చెవుల పైభాగం, పాదాల మీద, మోకాలి వెనక మరిచిపోతారు, రాత్రికి మండేది అక్కడే.

ఇవిగాక నీటి చెప్పులు తప్పనిసరి, పన్నెండు దాటాక సిమెంటు దారి అరికాళ్లను కాల్చేస్తుంది. కళ్లజోడుకు వెనక కట్టే పట్టీ. కాంటాక్ట్ లెన్సులు మాత్రం వద్దు, లెన్స్ కింద చేరిన నీటి క్రిములతో కంటికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ రావచ్చు. ఫోన్‌కు నీరు చొరని పౌచ్ కొని, ముందు లోపల టిష్యూ పెట్టి సింకులో అరగంట ముంచి చూడండి. ఫోన్ వాటర్‌ప్రూఫ్ కదా అని వదిలేయకండి, ఆ పరీక్షలు నిలకడగా ఉన్న మంచినీటిలో చేసేవి. స్లైడ్ చివర నీళ్లు కొట్టే వేగం వేరు, క్లోరిన్ వేరు.

మొదటి రెండు గంటలు

గేట్లు తెరవడానికి అరగంట ముందే అక్కడ ఉండాలి. స్విమ్‌సూట్ లోపల వేసుకునే వస్తే బట్టలు మార్చుకునే గది దగ్గర ఆగక్కర్లేదు. జనం గేటు దగ్గర కనబడిన మొదటి స్లైడ్‌కే ఎగబడతారు. మీరు చివరిదాకా నడిచి, అక్కడినుంచి వెనక్కి రండి.

క్యూ పొడవు చూసి భయపడటం కంటే వేగం లెక్కపెట్టడం మేలు. ఒక్కొక్కరుగా దిగే స్లైడ్‌లో 30 సెకన్లకు ఒకరిని వదిలితే గంటకు 120 మంది. నలుగురి రాఫ్ట్ అదే వేగంతో దిగితే 480 మంది. ముందు 60 మంది ఉంటే మొదటిచోట అరగంట, రెండోచోట ఎనిమిది నిమిషాల లోపే. కాబట్టి ఒంటరిగా దిగే పెద్ద స్లైడ్లను మొదటి గంటలో ముగించి, రాఫ్ట్ స్లైడ్లను మధ్యాహ్నానికి ఉంచుకోండి. మెట్ల లెక్క కూడా వేసుకోండి. 20 మీటర్ల టవర్ అంటే సుమారు 120 మెట్లు. ఆరుసార్లు ఎక్కితే 700 దాటుతాయి. ట్యూబులను బెల్ట్ మీద పైకి పంపే పార్క్‌కూ, మోసుకెళ్లమనే పార్క్‌కూ సాయంత్రానికి భుజాల్లో తేడా తెలుస్తుంది.

క్యూ తప్పించుకోవడానికి డబ్బిచ్చి కొనే ఎక్స్‌ప్రెస్ పాస్ పని రోజున దండగ. సెలవు రోజున, అదీ పెద్ద స్లైడ్లు ఎక్కేవాళ్లకు మాత్రమే కొనండి. కొన్ని పార్కుల్లో చేతికి బ్యాండ్ ఇస్తారు. స్లైడ్ దగ్గర తాకిస్తే వంతు ఖాయమై, సమయం కాగానే అదే చెబుతుంది. ఇది బాగుంటుంది, కానీ ఎదురుచూసే సమయాన్ని ఎక్కడ గడపాలో ముందే అనుకోవాలి, లేకపోతే పిల్లలు అటూ ఇటూ చెదిరిపోతారు. చిన్నబిడ్డను ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ఎక్కి, తర్వాత క్యూ లేకుండా మారే వీలు కొన్ని పార్కులు ఇస్తాయి. అడిగితేనే చెబుతారు.

భోజనం 11:30కే కానివ్వండి. పన్నెండున్నర నుంచి రెండు దాకా తిండి దగ్గర జనం, స్లైడ్ల దగ్గర ఖాళీ. బయటి ఆహారం అనుమతించని చోట కూడా పసిపిల్లల ఆహారం, మందులు సాధారణంగా తెచ్చుకోనిస్తారు. నీళ్లలో ఉన్నంతసేపు దాహం తెలియదు, చెమట పట్టిందని కూడా తెలియదు. గంటకోసారి అందరిచేతా నీళ్లు తాగించాలి.

వేవ్ పూల్ దగ్గర

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ఇక్కడ కావాలి. అలలు విడతలుగా వస్తాయి. గంట మోగగానే అందరూ లోతు వైపు పరుగెత్తుతారు. ట్యూబులు ఒకదానికొకటి ఆనుకుని నీటిమీద పైకప్పులా తయారవుతాయి. వాటి మధ్య జారిన పిల్లవాడు పైకి రాబోతే తలకు ట్యూబ్ అడుగు తగులుతుంది. మునిగేవాళ్లు కేకలు వేయరు, చేతులు ఊపరు. నోరు నీటి మట్టం దగ్గర పైకీ కిందికీ అవుతూ నిమిషంలోపే మునిగిపోతారు. మంచి పార్కుల్లో లైఫ్‌గార్డులకు 10/20 నియమం ఉంటుంది: ఆపదను 10 సెకన్లలో గుర్తించాలి, ఆ తర్వాత 20 సెకన్లలో చేరుకోవాలి. వాళ్ల తలలు ఎడమనుంచి కుడికి ఆగకుండా తిరుగుతున్నాయా, ఫోన్ చూస్తున్నారా అన్నది కాసేపు గమనించండి. ఆ పార్క్ గురించి ఏ సమీక్షా అంత సూటిగా చెప్పదు.

అయినా లైఫ్‌గార్డ్ మీ పిల్లల కాపలాదారు కాడు. ఈత రాని పిల్లలు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. మోకాలి లోతు దాటకూడదు. పెద్దవాళ్లు 15 నిమిషాలకొకరు వంతులేసుకుని చూడాలి, ఆ వంతులో ఉన్నవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు. అందరూ చూస్తున్నారు అనుకున్నప్పుడే ఎవరూ చూడరు. గాలి నింపిన చేతి బుడగలు నమ్మవద్దు, జారిపోతాయి. పార్క్ ఇచ్చే లైఫ్ జాకెట్ తొడిగి, బకిల్స్ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే పెద్దదైనట్టు, చిన్న సైజు అడగండి.

థీమ్ పార్కుల్లో ఇంకో చిక్కు ఉంది. రాళ్లు, గుహలు, జలపాతాలు చూపుకు అడ్డం వస్తాయి. గుహలోంచి బయటికి వచ్చే చోట ఒకరు ముందే నిలబడాలి. కలుసుకునే చోటుగా బొమ్మను పెట్టుకోవద్దు, అలాంటివే ఇంకో మూడు ఉంటాయి. లాకర్ నంబరు, లైఫ్‌గార్డ్ టవర్ నంబరు నయం. పొద్దున్నే పిల్లలను స్విమ్‌సూట్‌లో ఒక ఫొటో తీసి, చెరగని పెన్నుతో ముంజేతి మీద ఫోన్ నంబరు రాయండి.

నీళ్లు, లాకరు, చివరి గంట

క్లోరిన్ వాసన గుప్పుమంటే నీళ్లు శుభ్రంగా ఉన్నాయనుకుంటారు. అది క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి తయారైన క్లోరమైన్ల వాసన. సరైన నీళ్లకు ఘాటు ఉండదు. కొలను అడుగున నీరు బయటికి పోయే చోటి జాలీ స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే దిగకండి. విరేచనాలున్న పిల్లలను తీసుకురావద్దు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి సరిగా క్లోరిన్ వేసిన నీటిలో కూడా వారానికి పైగా బతుకుతుంది, అది సోకినవాళ్లు విరేచనాలు తగ్గాక కూడా రెండు వారాలు కొలనుకు దూరంగా ఉండాలి. స్విమ్ డైపర్ విరేచనాన్ని ఆపలేదు. గంటకోసారి చూసి, కొలను గట్టు మీద కాకుండా బట్టలు మార్చే గదిలోనే మార్చాలి.

లాకర్ రోజంతా ఎన్నిసార్లయినా తెరిచేదేనా అని అడగండి, ఒక్కసారి తెరిస్తే మళ్లీ డబ్బు అడిగేవి ఉంటాయి. మధ్యరకం లాకర్ ఒకటి నలుగురికి చాలు. నీడ దొరకని పార్క్‌లో పసిబిడ్డ, వృద్ధులు ఉంటే కబానా (అద్దెకిచ్చే నీడ పందిరి) ఖర్చు సార్థకమే. లేకపోతే గేటు తెరవగానే ఒకరు వెళ్లి చెట్టు కింద కుర్చీలు చూసుకుంటే సరి.

మూసే వేళకు గంట ముందే షవర్ గదులకు వెళ్లండి, ఆ తర్వాత వరస బయటిదాకా వస్తుంది. సబ్బుతో స్నానం, తలకు మంచినీళ్లు, తల పక్కకు వంచి చెవుల్లోని నీరు కార్చి పైపైన తుడవడం. దూది పుల్లలు లోపలికి పెట్టవద్దు. స్విమ్‌సూట్లను మంచినీటిలో జాడించి పిండి, మూత లేని సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే తెల్లారేసరికి వాసన వస్తుంది, లైక్రా సాగిపోతుంది.