హోంలోన్ ఓవర్‌డ్రాఫ్ట్: పురిటి డబ్బులు అందులో పెట్టుకోవచ్చా?

2021 నుంచి మేం వాడుతున్నది మామూలు హోంలోన్ కాదు, ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో ఇచ్చేది. ఇదేంటో, ఎవరెవరు ఇస్తారో చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి ఆ వివరాల జోలికి పోను. మిగిలిన డబ్బు లోన్ ఖాతాలో వేస్తే ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది, కావాల్సినప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. నా బాధంతా ఆ రెండో ముక్కతోనే. ఒకపక్క ఇంటి అప్పు కడుతూ, ఇంకోపక్క బిడ్డ కోసం ఎదురుచూస్తూ ఉన్న డబ్బంతా ఒకేచోట పెట్టినవాళ్లకి 'కావాల్సినప్పుడు' అంటే ఎప్పుడో కచ్చితంగా తెలియాలి.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుంటాను. ఇందులో వడ్డీ ఏ రోజుకారోజు లెక్క. ఇద్దరి జీతాలూ ఒకటో తారీఖున వచ్చిపడగానే ఆ నెల ఖర్చుల డబ్బుతో సహా అన్నీ లోన్ ఖాతాలోకి తోసేసేదాన్ని. పాలవాడికి పదో తారీఖున ఇవ్వాల్సిన డబ్బు కూడా అప్పటిదాకా మా అప్పును తగ్గిస్తూ కూర్చునేది. నెలాఖరున స్టేట్‌మెంట్‌లో వడ్డీ పడే ఒక్క లైను కోసం ఎదురుచూసేదాన్ని. కిందటి నెల కంటే నాలుగు వందలు తగ్గినా ఆ రోజంతా మనసు తేలిగ్గా ఉండేది. అప్పు తీరుతోందన్న సంగతి కళ్లకు కనబడటం ఎంత ధైర్యమో ఇరవై ఏళ్ల లోన్ నెత్తిన పెట్టుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

డబ్బు లెక్కలోనూ ఇది గట్టిదే. వడ్డీ 9 శాతం ఉందనుకుందాం. ఖాతాలో ఏడాదంతా 5 లక్షలు ఉంచితే 45,000 మిగులుతుంది. అదే 5 లక్షలు 7 శాతానికి ఎఫ్‌డీ చేస్తే వచ్చేది 35,000, అందులో 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి పన్నూ సెస్సూ పోగా చేతికొచ్చేది 24,000 చిల్లర. లోన్ ఖాతాలో ఉంచి మిగుల్చుకున్న 45,000 మీద మాత్రం పన్ను లేదు. ఆ తేడా ఏడాదికి ఇరవై వేలు దాటింది కదా. అయితే మా బ్యాంకు ఈ సదుపాయానికి రేటు పావు శాతం ఎక్కువ వేస్తుంది. 40 లక్షల మీద పావు శాతమంటే ఏడాదికి 10,000. అంటే సగటున లక్షా పదకొండు వేల పైచిలుకు ఎప్పుడూ ఖాతాలో ఉంటేనే ఆ అదనపు వడ్డీ గిట్టుబాటవుతుంది. అంతకన్నా తక్కువ ఉంచేవాళ్లకి మామూలు లోనే నయం.

పిల్లల గురించి గట్టిగా అనుకున్నది 2022 చివర్లో. మా లెక్కలన్నీ తలకిందులైన ఏడాది కూడా అదే. రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు మే 2022 దాకా 4 శాతం ఉండేది, ఫిబ్రవరి 2023 కల్లా 6.50కి చేరింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులిచ్చిన ఫ్లోటింగ్ (రేటు మారుతుండే) హోంలోన్లన్నీ రెపో లాంటి బయటి రేటుకు ముడిపడ్డవే కాబట్టి పెరిగినంతా నేరుగా మా మీద పడింది. 7 శాతం దగ్గర 40 లక్షలకు ఇరవై ఏళ్ల ఈఎంఐ 31,000 వస్తుంది. రేటు 9.5 అయితే మిగిలిన 38 లక్షల చిల్లర మీద నెల వడ్డీయే 30,000 దాటుతుంది. తీసుకున్న అసలు మొత్తం దాదాపు కదలదు. మా ఇంట్లో సరిగ్గా ఆ పరిస్థితే.

అటు నేను ప్రసూతి సెలవు లెక్కలు వేసుకుంటున్నాను. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టంలో ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లు జీతం లేకుండానైనా ఇంట్లో ఉండాలని నా కోరిక. ఆ నెలల్లో ఒక్క జీతం మీదే ఈఎంఐ, ఇల్లు, బిడ్డ ఖర్చు నడవాలి. ఆఫీసు గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీలో కాన్పుకు ఇచ్చేది పరిమితమే. విడిగా పాలసీ తీసుకుందామంటే ప్రసూతి ఖర్చుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది గడిచేదాకా మేం ఆగలేం.

స్నేహితులు చాలామంది "ఉన్న డబ్బుతో లోన్‌లో కొంత ముందే కట్టి ప్రీపే చేసెయ్, ఫ్లోటింగ్ లోన్‌కి పెనాల్టీ కూడా లేదు" అన్నారు. నిజమే, పెనాల్టీ లేదు. కానీ ప్రీపే చేసిన డబ్బు మళ్లీ వెనక్కి రాదు. మా ఖాతాలో వస్తుంది. అందుకే ఆస్పత్రి ఖర్చుకనుకున్నదీ, జీతం రాని నెలలకనుకున్నదీ, ఆపదకని పక్కన పెట్టుకున్నదీ, అంతా అందులోనే వేశాం. అప్పట్లో ఈ సమీక్ష రాసి ఉంటే అయిదు చుక్కలూ ఇచ్చేదాన్ని.

2024 ఫిబ్రవరిలో, నెలలు నిండకుండానే, ఒక శుక్రవారం రాత్రి ఉమ్మనీరు పోయి ఆస్పత్రిలో చేరాను. తెల్లవారుజామున ఆపరేషన్ చేసి పాపను తీశారు. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉందని వెంటనే పసికందుల ఐసీయూకి, అదే ఎన్‌ఐసీయూకి తీసుకెళ్లారు. నేను సరిగా చూడను కూడా లేదు. పొద్దున్న తొమ్మిదింటికి మా ఆయన కింద బిల్లింగ్ కౌంటర్ నుంచి ఫోన్ చేశారు. "పాపకి విడిగా అడ్వాన్స్ కట్టమంటున్నారు. పాలసీలో తన పేరు చేర్చి అప్రూవల్ వచ్చేదాకా క్యాష్‌లెస్ కుదరదట. పంపుతావా?" డబ్బు సంగతులన్నీ నావే కాబట్టి యాప్ ఉన్నది నా ఫోన్లోనే. "లైన్లో ఉండండి" అన్నాను.

ఎడమచేతికి సెలైన్ సూది ఉంది. కుడిచేత్తో యాప్ తెరిచాను. అందుబాటులో ఉన్న సొమ్ము: 0.00.

నెట్ సరిగా లేదేమో అనుకుని మూసి మళ్లీ తెరిచాను. అదే సున్నా. ఎవరో కాజేశారేమోనని గుండె ఝల్లుమంది. స్టేట్‌మెంట్ చూస్తే కొత్తగా పోయింది ఏమీ లేదు. అప్పుడు ఖాతా వివరాల పేజీకి వెళ్లాను. అందులో రెండు అంకెలుంటాయి. ఒకటి లిమిట్, అంటే బాకీ ఎంతదాకా వెళ్లొచ్చో ఆ హద్దు, రెండోది మేం బాకీ ఉన్నది. ఈ రెంటికీ మధ్య తేడాయే మనం తీసుకోగలిగిన డబ్బు. నెల క్రితం ఆ తేడా లక్షల్లో ఉంది. ఇప్పుడు రెండు అంకెలూ పైసలతో సహా ఒకటే. చూడగానే అర్థమైంది. లిమిట్‌ను తెచ్చి బాకీ దగ్గర నిలబెట్టేశారు. మేం దాచుకున్నదంతా ముందుగా కట్టేసిన అప్పు కింద జమకట్టేశారు.

కాల్ సెంటర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది కానీ, లోన్ ఖాతా లిమిట్ సంగతి బ్రాంచిలోనే చూడాలంది. ఆ రోజు రెండో శనివారం. బ్యాంకుకి సెలవు. మర్నాడు ఆదివారం. మా ఆయన క్రెడిట్ కార్డు మీద కొంత కట్టారు. నా తమ్ముడు యూపీఐలో లక్ష పంపాడు, ఒకరి నుంచి ఒకరికి రోజుకు అంతకు మించి పోదు, మిగతాది మర్నాడు పంపాడు. పాప వైద్యం ఒక్క నిమిషం కూడా ఆగలేదు, ఆ ఆస్పత్రి వాళ్లకు రుణపడి ఉంటాను. కానీ పాపను తలుచుకుని ఏడవాల్సిన పూట లిమిట్ల లెక్కలు చూస్తూ ఏడ్చాను. ఆ కోపం నాకు ఈరోజుకీ తగ్గలేదు.

సోమవారం మా ఆయన బ్రాంచికి వెళితే తేలింది ఇది. రేట్లు పెరిగినప్పుడు బ్యాంకు తనంతట తాను గడువు పొడిగించకుండా, ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కలిపి చేసుకోవాలా అని అప్పు తీసుకున్నవాళ్లనే అడగాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. మంచి నిర్ణయం. దాని ప్రకారమే మేం జనవరిలో గడువు పెంచొద్దు, ఈఎంఐ పెంచండి అని రాసిచ్చాం. కొత్త షెడ్యూల్ ఎక్కించేటప్పుడు ఎవరో అసలు లిమిట్ బదులు ఆ రోజు బాకీని ఆధారం చేసుకున్నారు. అక్కడి అధికారి అన్న మాట: "మీ అప్పు తగ్గింది కదండీ, మీకేం నష్టం?" కాగితం మీద మాకు రూపాయి నష్టం లేదన్నది నిజమే. వడ్డీ కూడా సరిగ్గానే వేశారు. ఎన్‌ఐసీయూ బయట నిలబడ్డ మనిషికి కావాల్సింది తగ్గిన అప్పు కాదు, చేతిలో డబ్బు. ఈ తేడా తెలియనివాళ్ల చేతిలో ఈ ఖాతా ఉండటమే నా ఫిర్యాదు.

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చని తెలుసు కాబట్టి ఆ ముక్క కూడా అందులో రాశాం. అక్కడిదాకా పోలేదు, ఆ తర్వాతి వారం లిమిట్ సరిచేశారు. గ్రూప్ పాలసీలో పాప ఖర్చు చాలావరకు తర్వాత వచ్చింది.

ఇంత జరిగినా మేం లోన్ మార్చలేదు. ఎందుకంటే ఆ తర్వాతి నెలల్లో ఇదే ఖాతా మమ్మల్ని నిలబెట్టింది. నా జీతం ఆగిన నెలల్లో ఈఎంఐ మామూలుగా మా ఆయన జీతంలోంచి పోయేది, ఇంటి ఖర్చుకి తగ్గినంత లోన్ ఖాతాలోంచి వెనక్కి తీసుకునేదాన్ని. పర్సనల్ లోన్ ముఖం చూడలేదు, బంగారం తాకట్టు పెట్టలేదు. నెలనెలా వడ్డీ లైను కొద్దికొద్దిగా పెరుగుతుంటే ఉసూరుమనిపించేది, అయినా పాపను వదిలి తొందరపడి ఆఫీసుకి పరిగెత్తాల్సిన అవసరం రాలేదు. మామూలు లోన్‌లో ప్రీపే చేసి ఉంటే ఇది కుదిరేది కాదు.

అయితే డబ్బంతా అందులో తోసెయ్యడం మాత్రం మానేశాను. మూడు నెలల ఖర్చూ, ఒక ఆస్పత్రి అడ్వాన్సుకు సరిపడేదీ వేరే బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంటాయి. మా ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టాం. దాని మీద వచ్చే వడ్డీ నామమాత్రం. అంత సొమ్ము బయటికి తీశాక ఓవర్‌డ్రాఫ్ట్ లాభం ముందు నేను చెప్పినంత గొప్పగా ఉండదు, పావు శాతం అదనపు వడ్డీ తీసేసి చూస్తే ఇంకా తగ్గుతుంది. పైగా 2025లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది. రేటు తగ్గేకొద్దీ ఇలా దాచుకోవడం వల్ల మిగిలేదీ తగ్గుతుంది.

పన్ను సంగతి ఒక్క మాటలో: పాత పద్ధతిలో ఉన్నవాళ్లు ఇందులో వేసిన మిగులు డబ్బును పన్ను మినహాయింపు కోసం లోన్ అసలు కట్టినట్టు చూపించుకోలేరు. కొత్త పద్ధతిలో సొంతంగా ఉంటున్న ఇంటికి వడ్డీ మినహాయింపే లేదు కాబట్టి వడ్డీ తగ్గితే పూర్తి లాభమే.

మా అత్తయ్యగారు "ఆడపిల్ల పేరున సుకన్య ఖాతాలో వెయ్యండమ్మా" అంటుంటారు. ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. 2024 జనవరి నుంచి దాని మీద వడ్డీ 8.2 శాతం, పన్ను లేదు. కానీ అది పాప పెద్దయ్యేదాకా ముట్టుకోలేని డబ్బు. ఏడాదికి కొంత అందులో వేస్తున్నాం, లక్షన్నర పరిమితి దాకా మాత్రం వెళ్లడం లేదు. ముట్టుకోగలిగిన డబ్బు విలువ నాకు ఆ శనివారమే తెలిసింది.

మళ్లీ తీసుకోమంటే తీసుకుంటానా? మా పరిస్థితికైతే తీసుకుంటాను. మాకు రెండు జీతాలున్నాయి, ఫోన్ చేస్తే లక్ష పంపే తమ్ముడున్నాడు, మా ఆయన కార్డులో లిమిట్ మిగిలి ఉంది. ఒక్క జీతం ఇల్లయితే, అడగడానికి ఎవరూ లేకపోతే, ముందు సేవింగ్స్‌లో ఆర్నెల్ల ఖర్చు నింపి ఆ తర్వాతే దీని గురించి ఆలోచించమంటాను. ఖాతాలో డబ్బు కనబడితే ఖర్చుపెట్టేసే అలవాటున్నవాళ్లు మామూలు లోన్ తీసుకుని ప్రీపే చేసుకుంటేనే ఇరవై ఏళ్లలో బాగుపడతారు.

వాడుతున్నవాళ్లకి ఒకటే చెబుతాను. రేటు మారినా, ఈఎంఐ మార్పించుకున్నా, ఆ మర్నాడే ఖాతా వివరాల పేజీలో లిమిట్ ఎంతుందో, బాకీ ఎంతుందో చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 2025లో రేటు దిగిన ప్రతిసారీ నేనలా చూశాను. అప్పటి నుంచి ఇప్పటిదాకా తేడా రాలేదు.