సాఫేల్ యూఎస్-05: మూడు బ్యాచ్‌ల తర్వాత నా మాట

ఇంట్లో బీరు చేద్దామని శనివారం సాయంత్రం బకెట్‌లో ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) వేశాను. సోమవారం రాత్రికి కూడా ఎయిర్‌లాక్‌లో, అంటే గ్యాస్‌ని బయటికి పోనిచ్చే మూత మీది గొట్టంలో, ఒక్క బుడగ లేదు. నేను నల్గొండ వైపు కల్లు చూస్తూ పెరిగినవాణ్ణి. చెట్టు మీద కుండలో ఉండగానే నురగ కక్కుతుంది అది. 48 గంటలు ఉలుకూ పలుకూ లేని ఈ బకెట్‌ని చూస్తే టెన్షన్ రాదా మరి?

ఆ రోజు వేసింది ఈ రివ్యూ రాస్తున్న ఎండు బీరు ఈస్ట్ యూఎస్-05 కాదు, ఆన్‌లైన్‌లో తెప్పించిన లిక్విడ్ ఈస్ట్. జనవరి నెల, ఒహాయో. పార్సిల్ రోజంతా గుమ్మం ముందు మంచులో పడి ఉంది. ప్యాక్ మీద తయారీ తేదీ నేను చూసుకోలేదు. తర్వాత చూస్తే ఐదు నెలల కిందటిది. కొత్తగా ఉన్నప్పుడే అలాంటి ప్యాక్‌లో దాదాపు 10,000 కోట్ల కణాలుంటాయి. నా బీరు 19 లీటర్లు, మొదటి గ్రావిటీ (చక్కెర వల్ల వచ్చే సాంద్రత) 1.052. దానికి మామూలు లెక్క ప్రకారం 18,000 కోట్లకు పైగా కావాలి. స్టార్టర్ చేయకుండా, అంటే ఈస్ట్‌ని ముందుగా కొంచెం తీపి ద్రవంలో పెంచకుండా, పాతబడి గడ్డకట్టిన ప్యాక్‌ని నేరుగా పోశాను. తప్పు సగం నాదే. అమ్మినవాళ్లకు రాస్తే ‘72 గంటలు ఆగండి’ అని ఒక్క ముక్క జవాబిచ్చారు. తేదీ సంగతి ఎత్తనే లేదు.

ఎయిర్‌లాక్ బుడగల్ని నమ్మడం కూడా పొరపాటేనట. ప్లాస్టిక్ బకెట్ మూత సరిగ్గా బిగుసుకోకపోతే గ్యాస్ పక్కల నుంచి పోతుంది, లోపల మాత్రం పులుస్తూనే ఉంటుంది. అందుకని మూత తీసి, నమూనా పట్టి గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ వేశాను. పులిస్తే అంకె దిగాలి. కదల్లేదు, అదే 1.052. పైన నురగ పొరా లేదు. అంటే నిజంగానే మొదలవ్వలేదు.

అప్పుడు మా ఆవిడ కిందికి వచ్చి బకెట్ మీది టెంపరేచర్ స్టిక్కర్ చూసింది. బేస్‌మెంట్‌లో 58 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 14 సెల్సియస్. ‘ఇడ్లీ పిండినైతే ఓవెన్‌లో లైటు వేసి మరీ పెట్టమంటారు. దీన్ని ఈ ఐసు గదిలో పెట్టారేంటండీ?’ అంది. నా దగ్గర సమాధానం లేదు. బకెట్‌ని పైకి మోసుకొచ్చి హాల్లో ఓ మూల పెట్టాను. పొద్దుటికి 66 డిగ్రీలకు వచ్చింది. మంగళవారం మా ఊరి షాపులో యూఎస్-05 ఒక ప్యాకెట్ కొన్నాను. 11.5 గ్రాములు, ఆరు డాలర్ల చిల్లర. బకెట్‌ని బాగా కుదిపి, పైన చల్లి మూత పెట్టాను. ఇంకా పులియడం మొదలవ్వలేదు కాబట్టి గాలి తగిలినా నష్టం లేదు. బుధవారం ఉదయం లేచేసరికి రెండు వేళ్ల మందాన నురగ. రెండు వారాలకి 1.010కి దిగింది. సుమారు 5.5 శాతం ఆల్కహాల్.

ఇక్కడే రివ్యూ ఆపేసి ఐదు చుక్కలు ఇచ్చేయొచ్చు. కానీ పని చేసింది ఈస్టా, హాల్లో వెచ్చదనమా? అది తేలక, రెండో బ్యాచ్‌కి కావాలనే అదే బేస్‌మెంట్‌లో, అదే 58 డిగ్రీల దగ్గర యూఎస్-05 ఒక్కటే వేశాను. కంపెనీ చెప్పే 18–26 సెల్సియస్‌కి అది బాగా తక్కువ. మొదలవ్వడానికి 30 గంటలు దాటింది, కానీ మొదలైంది. బీరులో పీచ్ పండు వాసన లాంటిది వచ్చింది. మా ఫ్రెండ్ ఒకాయన మెచ్చుకున్నాడు గానీ నాకు నచ్చలేదు. మూడో బ్యాచ్ హాల్లో, 66 దగ్గర. 16 గంటల్లో బుడగలు.

కాబట్టి ఈ ప్యాకెట్‌కి నేను మార్కులు వేసేది వేగానికి కాదు. దీనికి స్టార్టర్ అక్కర్లేదు, నీళ్లలో నానబెట్టక్కర్లేదు, నేరుగా చల్లేయొచ్చు. ఒక ప్యాకెట్ 19 లీటర్ల మామూలు ఏల్ రకం బీరుకి సరిపోతుంది. మరగబెట్టినప్పుడు వర్ట్‌లో (బీరుగా మారబోయే తీపి ద్రవంలో) ఆక్సిజన్ పోతుంది కదా, పైపొర కట్టుకోవడానికి లిక్విడ్ ఈస్ట్‌కి అది మళ్లీ కావాలి. ఎండబెట్టిన ఈస్ట్ కావలసిన కొవ్వుల్ని ముందే దాచుకుని వస్తుంది, కాబట్టి చేతులు నొప్పి పుట్టేలా కుదపకపోయినా నడుస్తుంది. ఫ్రిజ్‌లో చాలాకాలం నిలవ ఉంటుంది. విప్పిన ప్యాకెట్‌ని మాత్రం మడిచి ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయాలి.

ఐదు చుక్కల్లో ఒకటి కోసేది ఎందుకంటే, ఇది అడుక్కి దిగడానికి బద్ధకిస్తుంది. మూడో బ్యాచ్‌ని మూడు రోజులు ఫ్రిజ్‌లో పెట్టినా గ్లాసులో మసక పోలేదు. రుచిలో కూడా తనదంటూ ఏమీ ఉండదు. పేల్ ఏల్, ఐపీఏ లాంటి బీర్లకి అదే కావాలి, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వాసనే పైకి తేలుతుంది. అరటిపండు, లవంగం వాసనల గోధుమ బీరు చేసేవాళ్లు మాత్రం ఇది కొనకండి, దానికి వేరే ఈస్టే ఉండాలి.

మా ఫ్రిజ్‌లో వెన్న అరలో ఎప్పుడూ రెండు ప్యాకెట్లు ఉంటున్నాయి. ఒకటి బ్యాచ్‌కి, రెండోది సోమవారం రాత్రికి.