కొబ్బరి అడిగితే మామిడికి 100 శాతం: నాలుగేళ్ళ సెర్చ్ స్కోరు ముచ్చట

కడియపులంకలో మా బాబాయి నర్సరీకి మొక్కల జాబితా సాఫ్ట్‌వేర్ రాసిచ్చి నాలుగేళ్ళయింది. దాదాపు 1,400 వరుసలు. పేరు, వివరణ, ధర, ఏ మడిలో ఉందో. వెనకాల ఉన్నది ఎస్క్యూలైట్ అనే డేటాబేస్, అందులో ఎఫ్‌టీఎస్5 అనే టెక్స్ట్ సెర్చ్. దొరికిన ప్రతి వరుసకీ, వెతికిన మాటకి ఎంత సరిపోయిందో చెప్పే ఒక స్కోరు కడుతుంది. ఆ స్కోరు తెరమీద చూపించాలా వద్దా అంటే, కౌంటర్లో వద్దు. నా తెరమీద మాత్రం ఉండి తీరాలి.

మొదట ఉన్నదున్నట్టు చూపించాను. బాబాయి కళ్ళజోడు సర్దుకుని, "మైనస్ 4.92 ఏంట్రా? ఈ మొక్కకి మనం ఎవరికైనా బాకీనా?" అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఎఫ్‌టీఎస్5లో ఆ స్కోరు కట్టే బీఎం25 అనే ఫంక్షన్ కావాలనే మైనస్ అంకె ఇస్తుంది. మామూలుగా చిన్న అంకె నుంచి పెద్దకి సార్ట్ చేస్తే మంచి ఫలితం పైకి రావాలని ఆ ఏర్పాటు. ఆ సంగతి చదవకుండా నేను తలకిందులుగా సార్ట్ చేసి, రెండు రోజులు పనికిరాని ఫలితాలన్నీ పైన చూపించాను.

మైనస్ తీసేస్తే "ఎంతకి 4.92 అండీ?" అని కౌంటర్లో కుర్రాళ్ళు. పరీక్ష మార్కుల్లా వందకి ఇంత అని ఉండదు మరి. పట్టు వదలక మొదటి ఫలితాన్ని 100 చేసి మిగతావి శాతాల్లోకి మార్చాను. నేను చేసిన పెద్ద తెలివితక్కువ పని అదే.

అమలాపురం నుంచి ఒకాయన కొబ్బరి మొక్కలకి వచ్చాడు. కుర్రాడు "కొబ్బరి" కొట్టాడు. పైన 100 శాతంతో కొత్తపల్లి కొబ్బరి. అది మామిడి రకం! అసలు కొబ్బరి రకమైన గంగబొండం 77 శాతంతో కింద ఉంది. కుర్రాడు కొత్తవాడు, ఆయన్ని తిన్నగా మామిడి మడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు గానీ, "కంప్యూటర్ వంద శాతం అంది బాబాయ్" అని కుర్రాడు అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

లోపల జరిగింది ఇది. బీఎం25 పదాల్ని లెక్కపెడుతుంది, అర్థం దానికి అక్కర్లేదు. పదం ఎంత అరుదైతే అంత విలువ, వరుస ఎంత పొట్టిదైతే అంత లాభం. మామిడి వివరణ రెండు ముక్కలు. గంగబొండం గురించి, అంబాజీపేట పరిశోధనా కేంద్రం వాళ్ళు దాన్ని ఈస్ట్ కోస్ట్ టాల్ అనే కొబ్బరితో కలిపి గోదావరి గంగ అనే సంకర రకం తీసిన సంగతితో సహా, నేనే పేరాడు రాశాను. పైగా ఆ పేరులో కొబ్బరి అన్న మాటే లేదు. విడిగా "రకం" అనే గడి పెట్టి దానికి బరువు 10 ఇచ్చాక కుదిరింది. బరువు 100 చేసి కూడా చూశాను, పెద్ద తేడా లేదు. ఒక పదానికి వచ్చే స్కోరు ఒక హద్దు దాకా పెరిగి ఆగిపోతుంది, ఈ సూత్రం తీరే అంత.

"మొక్క" అని కొడితే ఇంకో వింత, అన్నిటికీ 0.00. సగానికి పైగా వరుసల్లో ఉన్న పదానికి విలువ దాదాపు సున్నా చేసేస్తుంది. నర్సరీలో మొక్క లేని వరుస ఏముంటుంది!

స్కోరు నాకు నిజంగా అక్కరకొచ్చింది వేప దగ్గర. "వేప" వెతికితే "తూర్పు వైపు ఎండ తగలాలి" అని రాసిన పూలమొక్కలు వేపను మించిన స్కోరుతో వచ్చాయి. అంకెలు చూడకపోతే ఏదో పొరపాటులే అనుకునేవాణ్ణి. తవ్వితే తేలింది, ఎఫ్‌టీఎస్5 మామూలు అమరికలో గుణింతం గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు, అక్కడ పదాన్ని విరగ్గొడుతుంది. వేపా, వైపూ దానికి ఒకటే: వ, ప. పదాల్ని విడగొట్టే టోకెనైజర్‌లో, గుణింతం గుర్తులుండే ఎంఎన్, ఎంసీ అనే రెండు వర్గాలు కలిపి ఇండెక్స్ మళ్ళీ కట్టాను. తెలుగులో వాడేవాళ్ళు మొదటి రోజే చెయ్యాల్సిన పని ఇది. నాకు ఐదు నెలలు పట్టింది.

భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒకరికి పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌తో ఇలాంటిదే చేశాను. అక్కడ స్కోరు కట్టే టీఎస్ ర్యాంక్ మైనస్‌లు ఇవ్వదు. కానీ పదం ఎంత అరుదో కూడా చూడదు. పదం ఒక్కసారి కనబడిన వరుసలన్నిటికీ అదే 0.0608. 32 అనే ఆప్షన్ పెడితే స్కోరు సున్నాకీ ఒకటికీ మధ్యలోకి వస్తుంది, చూపుకి బాగుంటుంది, వరుసక్రమం మాత్రం అదే. నర్సరీకి ఎస్క్యూలైటే చాలు.

ఇప్పుడు కౌంటర్లో అంకె లేదు. పేరు, రకం, దొరికిన మాట పసుపు రంగులో. కుర్రాళ్ళకి అంతకంటే అక్కర్లేదు. స్కోరు నా లాగిన్‌లోనే.

ఈమధ్య పట్టుకున్నది జామ. "జామకాయ", "జామపండు" అని రాసినా దొరకాలని "జామ" వెనక చుక్క గుర్తు (*) పెట్టి, ఆ మాటతో మొదలయ్యేవన్నీ వెతికిస్తాను. దాంతో జామాయిల్ కూడా జామతో సమానంగా స్కోరు తెచ్చుకుంది. "జామ లేదా జామ చుక్క" అని రెండూ కలిపి అడిగితే అచ్చంగా జామ అన్న వరుసకి రెండు వాటాలూ వస్తున్నాయి. నిన్న చూస్తే జామాయిల్ ఆరో వరుసకి దిగింది.