300 రూపాయలకే ఒరిజినల్ గేమ్ అంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో మూడు నాలుగు వేలుండే గేమ్‌ని 250కీ 300కీ ఇస్తామనేవాళ్ళు రీల్స్ కిందా, మెసేజ్ గ్రూపుల్లోనూ మీకూ కనిపించే ఉంటారు. "ఆఫ్‌లైన్ యాక్టివేషన్, లైఫ్‌టైమ్ గ్యారంటీ, వంద శాతం ఒరిజినల్" అని పోస్టర్ వేస్తారు. అలాంటి ఒక సెల్లర్ దగ్గర నాలుగు గేమ్‌లు కలిపి 1,100 రూపాయలకి తీసుకున్నాను. ఈరోజు వాటిలో ఒక్కటీ తెరుచుకోవడం లేదు. సెల్లర్ నంబర్ బ్లాక్.

అసలు వీళ్ళు మనకిచ్చేది ఏంటంటే, ఆ గేమ్ ఉన్న ఒక స్టీమ్ అకౌంట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. అదే అకౌంట్‌ని ఇంకా చాలామందికి అమ్మి ఉంటారు. లాగిన్ అయ్యేటప్పుడు అడిగే స్టీమ్ గార్డ్ కోడ్ (ఓటీపీ లాంటిది) వాళ్ళే పంపుతారు. గేమ్ డౌన్‌లోడ్ అయ్యాక స్టీమ్‌ని ఆఫ్‌లైన్‌లో పెట్టి ఆడుకోమంటారు. పొరపాటున ఆన్‌లైన్‌కి వస్తే "ఎందుకొచ్చావ్ బ్రో, వారంటీ పోయింది" అని మన మీదే అరుస్తారు. అకౌంట్ అమ్మడాన్ని స్టీమ్ ఒప్పందమే ఒప్పుకోదు కాబట్టి, తేడా వస్తే స్టీమ్ సపోర్ట్‌కి వెళ్ళి "నా గేమ్ పోయింది" అనే దారి కూడా ఉండదు. రికార్డుల్లో ఆ గేమ్ ఎప్పుడూ మనది కాదు మరి.

ఎక్కువ కడుపు మండింది ఎల్డెన్ రింగ్ దగ్గర. 2022లో వచ్చిన గేమ్, ఇప్పటికీ అందరూ ఎందుకు చెప్పుకుంటారో లిమ్‌గ్రేవ్ అనే మొదటి ప్రాంతంలో అడుగుపెట్టగానే అర్థమైపోయింది. గుహలోంచి బయటికి రాగానే బంగారు కవచం వేసుకున్న గుర్రపువాడు మనల్ని తుక్కు తుక్కు చేస్తాడు. పక్కనుంచి వెళ్ళిపోయి, బలం పెంచుకుని, తర్వాత వచ్చి పగ తీర్చుకోవచ్చు. "ఇలా వెళ్ళు" అని గేమ్ పెద్దగా చెప్పదు, అదే దాని అందం. కానీ ఈ గేమ్‌లో సగం సరదా వేరే ప్లేయర్లు నేల మీద రాసిపెట్టే మెసేజ్‌లే. "ముందు రహస్య దారి ఉంది" అని ఒకడు రాస్తాడు, నిజమో అబద్ధమో వెళ్ళి చూడాల్సిందే. ఎవరు ఎక్కడ ఎలా చచ్చారో రక్తపు మరకల్లో కనిపిస్తుంది. బాస్ (పెద్ద శత్రువు) దగ్గర తోడుకి వేరే ప్లేయర్లని పిలుచుకోవచ్చు. ఆఫ్‌లైన్‌లో ఇవేవీ రావు. పోస్టర్ మీద ఆ సంగతి ఎక్కడా ఉండదు.

సర్లే, ఒంటరిగానే ఆడుకుందాం అని మార్గిట్ అనే బాస్‌ని దాటి, స్టార్మ్‌వీల్ కోట ముగించి, లేండెల్ రాజధాని దాకా వెళ్ళాను. అప్పుడు పాస్‌వర్డ్ మారిపోయింది. సరే, సేల్‌లో సొంతంగా కొనేసుకుని అక్కడినుంచే కొనసాగిద్దామంటే ఇంకో దెబ్బ. ఎల్డెన్ రింగ్ సేవ్ ఫైల్ (మనం ఎక్కడిదాకా ఆడామో దాచే ఫైల్) స్టీమ్ ఐడీతో ముడిపడి ఉంటుంది. వేరే అకౌంట్‌లో ఆడిన సేవ్ మన అకౌంట్‌లో నేరుగా తెరుచుకోదు. అంటే ఆ లెవెల్స్, ఆ ఆయుధాలు, ఆ రాత్రులు అన్నీ సెల్లర్ ఖాతాలోకే. అచీవ్‌మెంట్స్ కూడా అంతే. డబ్బు కంటే ఇదే ఎక్కువ బాధ.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 దగ్గర చిక్కు వేరు. దానికి స్టీమ్‌తో పాటు, గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీ లాంచర్ (గేమ్ తెరిచే యాప్) లాగిన్ కూడా కావాలి. వంద జీబీ పైనే డౌన్‌లోడ్ చేసి, మంచులో నత్తనడక నడిచే మొదటి చాప్టర్ ఓపికగా దాటి (అది దాటాలి, నమ్మండి, తర్వాత స్వర్గం), హార్స్‌షూ ఓవర్‌లుక్ క్యాంప్‌లో కథానాయకుడు ఆర్థర్ మోర్గాన్‌తో మనసు కలిసేలోపు లాంచర్ మళ్ళీ లాగిన్ అడిగింది. సెల్లర్ పంపిన కోడ్ పనిచేయలేదు. "రేపు చూద్దాం బ్రో" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

బ్లాక్ మిత్: వుకాంగ్‌కి డెనువో అనే పైరసీ నిరోధక రక్షణ ఉంది. ఒకే అకౌంట్‌తో తక్కువ సమయంలో ఎక్కువ కంప్యూటర్లలో యాక్టివేట్ చేయడానికి అది ఒప్పుకోదు. అందుకే "స్లాట్ ఖాళీ లేదు, లైన్‌లో ఉండండి" అంటారు. పైగా వచ్చిన స్లాట్ కోసం రిమోట్ యాప్ (దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపించే యాప్) వేసుకుని ల్యాప్‌టాప్ వాళ్ళ చేతికివ్వాలట, యాంటీవైరస్ ఆపేయాలట. బ్యాంక్ లాగిన్‌లు, మెయిల్ అన్నీ ఉన్న మెషీన్ అది. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. ఆడినంతలో గేమ్ మాత్రం అద్భుతం. రెండో చాప్టర్ మొదట్లో ఇసుకలో కూర్చుని తల లేని మనిషి వాద్యం వాయిస్తూ పాడే పాట ఒక్కటి చాలు. అక్కడక్కడా కనిపించని గోడలు అడ్డుపడి చిరాకు పెడతాయి, అంతే. ఇంకో మాట: దీని బెంచ్‌మార్క్ టూల్ స్టీమ్‌లో ఉచితం. మీ ల్యాప్‌టాప్ లాగుతుందో లేదో పైసా పెట్టకుండా చూసుకోవచ్చు.

ఇట్ టేక్స్ టూ సంగతైతే పచ్చి మోసం. ఇద్దరు కలిసి ఆడాల్సిన గేమ్ కాబట్టి రెండు అకౌంట్లు కొనాలని నా దగ్గర రెట్టింపు తీసుకున్నాడు. నిజానికి ఒకరు కొంటే చాలు, రెండో వాళ్ళు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా ఆడొచ్చు. ఒకే ఇంట్లో ఉంటే ఒకే స్క్రీన్ మీద ఆడుకోవచ్చు. మా చెల్లితో కూర్చుని ఏనుగు బొమ్మ సీన్ దాకా ఆడాం, ఆ సీన్ తర్వాత అది నాతో కాసేపు మాట్లాడలేదు. ఆడినవాళ్ళకి తెలుస్తుంది.

తక్కువలో కావాలంటే సరైన దారులే ఉన్నాయి. స్టీమ్‌లో వేసవి, శీతాకాలం సేల్స్‌లో పాత పెద్ద గేమ్‌లు చాలాసార్లు పావు ధరకి దిగుతాయి. విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే ధర తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది. స్టీమ్ లాంటి ఇంకో స్టోర్ ఎపిక్‌లో ప్రతి గురువారం ఉచిత గేమ్ ఉంటుంది. స్టీమ్‌లో సొంతంగా కొన్నది నచ్చకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపు ఉంటే రిఫండ్ అడగొచ్చు. మన ల్యాప్‌టాప్‌లో గేమ్ తడబడుతుందా అని తేల్చుకోవడానికి ఆ రెండు గంటలు చాలు.

ఇప్పటికే రిమోట్ యాప్ వేసుకున్నవాళ్ళు ముందు ఇంటర్నెట్ ఆపి దాన్ని తీసేయండి. వేరే ఫోన్ నుంచి మెయిల్, బ్యాంక్ పాస్‌వర్డ్‌లు మార్చండి. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబర్ చెరిపేయకండి, ఫిర్యాదులో అవే అడుగుతారు. నా సెల్లర్ ఇప్పుడు కొత్త పేరుతో తిరుగుతున్నాడు. పోస్టర్ అదే, "లైఫ్‌టైమ్ గ్యారంటీ" కూడా అదే, ధర మాత్రం ఇంకో 50 తగ్గించాడు.