రాతి పలక, నూరు పూసల దండ: మూడేళ్ళు వాడిన తర్వాత

మా అమ్మాయికి నాలుగున్నర ఏళ్ళు ఉన్నప్పుడు మా అత్తగారు మార్కాపురం నుంచి చెక్క చట్రం బిగించిన రాతి పలక ఒకటి, బలపాల పెట్టె ఒకటి తెచ్చి ఇచ్చారు. అప్పటికే ఇంట్లో రంగురంగుల వర్క్‌బుక్కులు, తుడిచి రాసుకునే ప్లాస్టిక్ బోర్డు, అక్షరాల అట్టముక్కలు ఉన్నాయి. పాప చదివేది ఇంగ్లీషు మీడియం బడి కాబట్టి తెలుగు రాయడం, చదవడం ప్రధానంగా ఇంటి దగ్గరే జరగాలి. ఇప్పుడు తనకు ఏడున్నర ఏళ్ళు. ఈ మూడేళ్ళలో మేము కొన్నవాటిలో చాలావరకు అటక ఎక్కాయి. ఆ పలక, ఏడాది తర్వాత మేమే గుచ్చిన నూరు పూసల దండ మాత్రం నేటికీ ప్రతి సాయంత్రం బయటికి వస్తున్నాయి.

ముందుగా పలక గురించి చెప్పాలి. ప్లాస్టిక్ బోర్డు మీద పెన్ను జారిపోతుంది. గీత ఎక్కడ ఆపాలో చిన్నపిల్లల వేళ్ళకు తెలియదు. రాతి పలక గరుకుగా ఉండి బలపాన్ని కొద్దిగా పట్టి ఆపుతుంది కాబట్టి, వంపులతోనే నిండిన మన అక్షరాలను చెయ్యి నెమ్మదిగా తిప్పడం నేర్చుకుంటుంది. అయితే అంతకంటే నాకు విలువైనదిగా తోచింది చెరిపివేత. వర్క్‌బుక్కులో తప్పు రాసిన అక్షరం ఆ పేజీలోనే ఉండిపోతుంది. రబ్బరుతో చెరిపినా మచ్చ మిగులుతుంది. మా పాప ఆ మచ్చకు భయపడి, చుక్కలు కలపడం వరకు చేసి, సొంతంగా రాయవలసిన వరుస రాగానే పెన్సిలు కింద పెట్టేసేది. పలక మీద అదే పిల్ల ‘వ’ను తొమ్మిది సార్లు రాసి, ఎనిమిది సార్లు తడిగుడ్డతో తుడిచి, తొమ్మిదోదాన్ని నాకు చూపించింది. ఆ ఎనిమిదింటిని నేను చూడనక్కరలేకపోవడమే తనకు ధైర్యం ఇచ్చిందని నా నమ్మకం.

అక్షరాలను మేము వర్ణమాల వరుసలో రాయించలేదు. నోటితో పాటలాగా ఆ వరుసే చెప్పించాం కాని, చేతికి మాత్రం ఆకారంలో దగ్గరగా ఉన్నవాటిని గుంపుగా ఇచ్చాం. ‘వ’ వచ్చాక తలకట్టును విడదీస్తే ‘ప’ అవుతుంది, ‘ప’కు లోపల మరో గీత చేరిస్తే ‘ష’ అవుతుంది, ‘వ’కు కుడివైపు కొమ్ములాంటి వంపు తగిలిస్తే ‘మ’ అవుతుంది. ఇక్కడ మాకు ఒక చిక్కు ఎదురైంది. ఉకారానికి పక్కన కొమ్ము పెట్టాలని నేర్చుకున్న పాప ‘వు’ రాయమంటే ‘మ’ రాసింది. తన తర్కంలో తప్పు లేదు. సరిగ్గా ఆ గందరగోళం రాకుండా ఉండేలా ‘పు’, ‘వు’లలో కొమ్ము పక్క నుంచి కాకుండా కింది నుంచి మొదలవుతుంది. రెండింటినీ పలక మీద పక్కపక్కన పెద్దగా రాసి చూపితే ఒక్క పూటలో తేలిపోయింది.

ఒత్తుల దగ్గర పలక మరింత అక్కరకు వచ్చింది. రెండు గీతల పుస్తకంలో ఒత్తుకు చోటు చాలదు. అది కింది వరుసలోకి దిగితే పిల్లలు దాన్ని వేరే అక్షరం అనుకుంటారు. పలక మీద ‘పువ్వు’ అని అరచేయంత అక్షరాలతో రాసుకోవచ్చు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల లాగే ఉంటాయి కాబట్టి వాటిని తొందరగా పట్టుకుంది. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు. వీటికి రెండు నెలలు పట్టింది. అమ్మ, అన్నం, అత్త, పల్లె, నెయ్యి అంటూ ఇంట్లో వినిపించే మాటలతోనే సాధన చేయించాం.

చదవడానికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరికే తెలుగు కథలను వాడాం. అవి స్థాయిలవారీగా ఉంటాయి. మొదటి స్థాయిలో చాలావరకు పేజీకి కొద్దిపాటి వాక్యాలే ఉంటాయి. అచ్చు తీసి కుట్టి ఇస్తే పాప వాటిని తన సొంత పుస్తకాలుగా చూసుకుంది.

ఇక పూసల దండ. పది ఎర్ర పూసలు, పది తెల్ల పూసలు, మళ్ళీ పది ఎర్రవి, అలా నూరు పూసలు గట్టి దారానికి గుచ్చి, రెండు మేకుల మధ్య పాప ఎత్తున కట్టాం. ఢిల్లీకి చెందిన జోడో జ్ఞాన్ సంస్థ ఇలాంటిదాన్నే గణితమాల పేరుతో అందిస్తోంది. మాది ఇంట్లో చేసుకున్నది. దీనికి తోడు ఒక బట్టల క్లిప్పు ఉంటే చాలు. ‘ముప్పై ఎనిమిది ఎక్కడుందో క్లిప్పు పెట్టు’ అంటే మొదట్లో ఒకటి నుంచి లెక్కపెట్టేది. కొన్ని వారాలకు మూడు పదులు దాటి ఎనిమిది లెక్కపెట్టింది. ఆ తర్వాత ఒకరోజు నలభై దగ్గరికి వెళ్ళి రెండు వెనక్కి వచ్చింది. అది తనకు ఎవరూ చెప్పలేదు. ఎనిమిదికి ఐదు కలపమన్నా అంతే: రెండు పూసలతో పది నిండుతుంది, మూడు మిగులుతాయి అని కళ్ళతోనే చూసేది.

ఈ దండ దగ్గర తెలుగు అంకెల పేర్లు ఎంత మేలు చేస్తాయో నాకు తెలిసింది. ‘థర్టీన్’ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది కాబట్టి పాప 31 అని రాసేది. థర్టీన్‌కూ థర్టీకీ తేడా కూడా చెవికి ఆనేది కాదు. పదమూడు అనే మాటలో పది ముందు, మూడు తర్వాత, రాసే వరుసలోనే ఉన్నాయి. పదకొండు, పన్నెండు, పంతొమ్మిది కొంచెం మారిన రూపాలే అయినా వాటిలోనూ పది ముందే ఉంటుంది. అందుకే మేము లెక్క ముందు తెలుగులో చెప్పించి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేరు అడిగాం. తెలుగు నేర్చుకుంటే లెక్కల్లో వెనకబడతారని భయపడే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి చెప్పాలని నాకు గట్టిగా ఉంది. నూరు దాటిన సంఖ్యలకు మాత్రం దండ చాలదు. అక్కడి నుంచి చీపురు పుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి వాడుతున్నాం.

లోపాలు కూడా చెప్పకుండా ఉండలేను. రాతి పలక బరువు. ఒకసారి గచ్చు మీద పడి మూల విరిగింది, ఆ అంచు పదునుగా ఉంటే గరుకు కాగితంతో రుద్ది నునుపు చేశాం. బలపం పొడి రేగుతుంది కాబట్టి పొడిగుడ్డతో తుడవనివ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పాప కొన్నాళ్ళు బలపం తినడం మొదలుపెట్టింది. అలవాటేలే అని వదిలేయకుండా డాక్టరుకు చూపిస్తే రక్తపరీక్షలో ఇనుము తక్కువగా ఉందని తేలింది. మందు వాడాక ఆ కోరిక తగ్గింది. పిల్లలు మట్టి, బలపం తింటుంటే తిట్టడానికి ముందు పరీక్ష చేయించాలి.

మరో ఇబ్బంది, పలక మీద బలంగా అదిమి రాసే అలవాటు కాగితం మీదికి వచ్చింది. ఒకటో తరగతి మొదట్లో పెన్సిలు మొనలు వరుసగా విరిగాయి. దానితో ఇరవై నిమిషాల సాధనలో చివరి ఐదు నిమిషాలు పుస్తకంలో రాయించడం మొదలుపెట్టాం. అది ముందునుంచే చేసి ఉండవలసింది. పలక మీద రాసినది మిగలదు కాబట్టి ప్రతి ఆదివారం ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచాను. మొదటి ఏడాది ఫోటోల్లో ‘క’ తలకట్టు ఎడమకు ఒరిగి ఉంటుంది, రెండో ఏడాదికి నిటారుగా నిలబడింది.

మా బాబుకు మూడు నిండబోతున్నాయి. అత్తగారికి ఇంకో పలక తెమ్మని చెప్పాం. ఈసారి చిన్న సైజుది, వాడు ఒక్క చేత్తో ఎత్తగలిగినది.