ఫొటో ప్రింట్లు ఆర్డర్ చేసేవాళ్లు జాగ్రత్త: ముందే పెట్టిన ఆ టిక్కు తీసెయ్యండి

అమ్మమ్మ ఫొటోలు 40 ఎంచి ఆన్‌లైన్ ల్యాబ్‌లో 12×18 సైజు ప్రింట్లు వేయించాను. పార్సిల్ విప్పగానే ఉసూరుమనిపించింది. తెల్లజుట్టు చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు సన్నటి గీత. బుగ్గల మీద ముడతలు బీటలువారిన గోడలా ఉన్నాయి. "మరీ ఇంత ముసలిదాన్నయ్యానా?" అంది అమ్మమ్మ.

సగం తప్పు నాదే. కెమెరా మెనూలో షార్ప్‌నెస్ చివరిదాకా పెంచి వదిలేశాను. వెనక స్క్రీన్ మీద భలే ఉండేది మరి! నిజానికి షార్ప్‌నింగ్ కొత్త వివరాలేమీ తేదు. అంచు దగ్గర వెలుగు వైపు ఇంకాస్త వెలుగు, నీడ వైపు ఇంకాస్త నీడ పెంచుతుంది, అంతే. జేపెగ్‌లో అది ఒకసారి పడిందంటే శుభ్రంగా తీసెయ్యడం కుదరదు. రా (RAW) ఫైల్ అయితే, అంటే కెమెరా తన మార్పులు కలపకుండా దాచే ఫైల్ అయితే, తర్వాత తగ్గించుకోవచ్చు. కార్డులో చోటు మిగులుతుందని నేను రా తీయలేదు.

మిగతా సగం ల్యాబ్‌ది. ఆర్డర్ పేజీ అట్టడుగున 'ఆటో ఎన్‌హాన్స్' (ఫొటోని వాళ్ల సాఫ్ట్‌వేరే దిద్దడం) అని ఉంది, దానికి వాళ్లే టిక్కు పెట్టేసి ఉంచారు. అంటే కెమెరా ఒకసారి, వాళ్ల సాఫ్ట్‌వేర్ ఇంకోసారి షార్ప్ చేశాయన్నమాట. అడిగితే "మీ ఫైలే అలా ఉంది సార్" అన్నారు. అదే ఫైల్‌ని టిక్కు తీసేసి మళ్లీ ఒకటి వేయించాను. గీత ఉంది, కానీ కళ్లు దగ్గరపెట్టి వెతికితే తప్ప కనబడదు. రెండు ప్రింట్లూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపినా రీప్రింట్ లేదు, డబ్బు వాపసూ లేదు. షరతుల్లో రాసే ఉందట.

పెద్ద ఆర్డర్ ఇచ్చేముందు టెస్ట్ ప్రింటు వేయించండి, కానీ ఫొటో మొత్తాన్ని 4×6లో వేయిస్తే లాభం లేదు. 12×18లో ఆ గీత మూడింతలు వెడల్పవుతుంది, చిన్నదాంట్లో అసలు బయటపడదు. ఫొటోలో పొడవు, వెడల్పు మూడో వంతు ఉండేలా ముఖం దగ్గర ముక్క కత్తిరించి, దాన్ని 4×6లో వేయించండి. పెద్ద ప్రింటులో ముఖం ఎలా వస్తుందో అచ్చం అలాగే కనిపిస్తుంది.

కెమెరాలో షార్ప్‌నెస్ మామూలు స్థాయికి దించేయండి. అన్నట్టు, కార్ట్‌లో సైజు మారిస్తే ఆ టిక్కు మళ్లీ వచ్చి కూర్చుంటోంది. డబ్బు కట్టేముందు ఇంకోసారి కిందిదాకా వెళ్లి చూసుకోండి.