నర్సరీలో 93.5: ఎస్ ఎఫ్‌ఎమ్ రోజుల నుంచి వింటున్నవాడి సమీక్ష

మా నర్సరీ రాజమండ్రి దగ్గర కడియపులంకలో. షేడ్‌నెట్ కింద ఇనప పైపుకి చిన్న రేడియో సెట్టు వేలాడుతుంటుంది. ఏరియల్ విరిగిపోతే మొదలు దగ్గర మిగిలిన ముక్కకి బైండింగ్ వైరు చుట్టి, రెండో కొస నెట్టు లాగిన తీగకి ముడేశాను. అప్పట్నుంచి గరగర లేదు. ముల్లు 93.5 మీద ఉంటుంది, ఎవరూ కదపరు.

సంచుల్లో మట్టి నింపే పెద్దావిడ ఒకరు పొద్దున్నే వస్తూనే "ఎస్ ఎఫ్‌ఎమ్ పెట్టండి బాబూ" అంటుంది. 2009లోనే అది రెడ్ ఎఫ్‌ఎమ్ అయిపోయిందని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి ఎస్సే. మా నాన్నా అంతే. రేడియో సిలోన్ 1967లో ఒక పేరు, 1972లో శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ అని ఇంకో పేరు పెట్టుకున్నా, ఆయనకి చివరిదాకా సిలోనే.

ఈ పేర్ల వెనక కథ కొంత చెప్పాలి, రాజమండ్రికి ప్రైవేటు ఎఫ్‌ఎమ్ రావడమూ అందులోనే ఉంది మరి. 2001 జులైలో బెంగళూరులో రేడియో సిటీతో దేశంలో ప్రైవేటు స్టేషన్లు మొదలయ్యాయి. అప్పట్లో లైసెన్సు ఫీజు వేలంలో పాడిన మొత్తమే, పైగా ఏటా 15 శాతం పెరిగేది. ప్రకటనలు వచ్చినా రాకపోయినా కట్టి తీరాలి. పెద్ద నగరాల వాళ్లకే అది మోయలేని బరువైతే మన వైపు స్టేషను పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? 2005లో కేంద్రం పద్ధతి మార్చింది. ఒకసారి ప్రవేశ రుసుము, ఆపైన ఏటా ఆదాయంలో 4 శాతం వాటా అంది. మనలాంటి ఊళ్లకి దారి తెరుచుకున్నది అప్పుడే. నా లెక్కలో ఏ పేరు మార్పు కన్నా ఇదే పెద్ద మార్పు.

రెడ్ ఎఫ్‌ఎమ్ అసలు పుట్టింది 2002లో, ముంబై, ఢిల్లీ, కలకత్తాల్లో. ఇండియా టుడే గ్రూపు వాళ్లు పెట్టారు. తర్వాత చేతులు మారి సన్ టీవీ వాళ్లకి అందులో వాటా వచ్చింది. సన్ వాళ్లకి తమిళనాట అప్పటికే సూర్యన్ ఎఫ్‌ఎమ్ ఉంది, బయటి రాష్ట్రాల్లో ఎస్ ఎఫ్‌ఎమ్ అని నడిపేవారు. 2009లో సూర్యన్ జోలికి పోకుండా ఎస్‌లన్నిటినీ రెడ్ చేశారు. దేశమంతా ఒకే పేరుంటే ప్రకటన అమ్ముకోవడం తేలిక, అది వ్యాపారం. నాకు నచ్చిందేమిటంటే నంబరు మార్చలేదు. మారిన కొత్తలో జింగిల్ విని వేరే స్టేషనేమో అనుకుని ముల్లు తిప్పాను, మళ్లీ అక్కడికే వచ్చాను. పేరు మారినా చోటు మారకపోతే వినేవాడు తప్పిపోడు. 2015లో మా రాజమండ్రి కూడా రాజమహేంద్రవరం అయింది, బస్సెక్కేవాళ్లం ఇప్పటికీ రాజమండ్రే అంటాం.

అందుబాటు సంగతి. ఎఫ్‌ఎమ్ ఇంచుమించు చూపు మేరకే పోతుంది. కడియంలో గంట కొట్టినట్టుంటుంది. మొక్కల లోడు వేసుకుని అమలాపురం వెళ్తుంటే జొన్నాడ దాకా ఢోకా లేదు. గౌతమి వంతెన దాటి రావులపాలెం చేరేసరికి వ్యాన్‌లో రేడియో కాస్త తడబడుతుంది. కొత్తపేట దాటాక కొబ్బరితోటల మధ్య పాట ఒక చరణం వినిపిస్తే ఒక చరణం పోతుంది. అంటు కట్టే పనికి మాత్రం దీన్ని మించిన తోడు లేదు. గులాబీ కొమ్మ మీద బెరడు చీల్చి, కన్ను దూర్చి, టేపు చుట్టేటప్పుడు రెండు చేతులూ, కళ్లూ పనిలోనే ఉంటాయి. ఖాళీగా ఉండేవి చెవులే.

నాకు నిజంగా బాధ కలిగించింది 2022 జులై. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్టు లోపల లంకలో నావి గులాబీ అంట్లు ఉన్నాయి. ఎన్ని ట్రాక్టర్లు పిలవాలో, ఎంత టైముందో తేలాలంటే బ్యారేజీ నీటిమట్టం తెలియాలి. స్టేషన్లన్నీ తిప్పాను. ఒక ప్రైవేటు స్టేషన్లో, ఏదో చెప్పను, ముందే రికార్డు చేసిన పోటీ నడుస్తోంది, సరైన జవాబు చెప్తే బహుమతి అంటున్నారు. ఆకాశవాణి పెడితేనే అంకె దొరికింది. సగం అంట్లు గట్టు మీదికి తెచ్చుకున్నాం, సగం పోయాయి.

ప్రైవేటు ఎఫ్‌ఎమ్ సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చంతే. అది నాకు తెలుసు. కానీ వాతావరణం, ప్రకృతి వైపరీత్యాల సమాచారం వార్తల కిందికి రాదని కేంద్రం 2011లో తెచ్చిన ఎఫ్‌ఎమ్ విధానమే చెప్పింది. వరద రోజుల్లో పాటకీ పాటకీ మధ్య "ఇప్పుడు ధవళేశ్వరంలో ఇన్ని అడుగులు" అని ఒక్క ముక్క చెప్పడానికి అడ్డేమీ లేదు. డెల్టాలో పాటలు వేసే ప్రతి స్టేషన్నీ నేను అడిగేది ఇదొక్కటే. దీనికోసం నా మార్కుల్లో సగం పట్టుకుని కూర్చున్నాను.

కొనబోయేవాళ్లకి ఒక మాట. పొడుగు ఏరియల్ ఉన్న సెట్టే తీసుకోండి. ఫోన్లో వినాలంటే తీగ ఉన్న ఇయర్‌ఫోన్ గుచ్చాలి, ఆ తీగే ఏరియల్. మా అబ్బాయి తెచ్చిన బ్లూటూత్ స్పీకర్లో ఎఫ్‌ఎమ్ ఉంది గానీ, చార్జింగ్ తీగ పెట్టి వదిలితే తప్ప షెడ్డులో పలకడం లేదు.